అమ్మ సాంబ్రాణి

మా అక్క కూతురు పురిటికి వచ్చింది. పసివాడికి నీళ్లు పోయగానే అమ్మ నిప్పుల మీద సాంబ్రాణి వేసి తెచ్చింది.

"వద్దు అమ్మమ్మా, పొగ బాబుకి మంచిది కాదన్నారు డాక్టరు గారు" అంది పిల్ల.

"మీ అమ్మని ఈ పొగతోనే పెంచానే!" అని అమ్మ చిన్నబుచ్చుకుంది.

ఆ రాత్రి సాంబ్రాణి గురించి చదువుతూ కూర్చున్నాను. మన ఇంటి వస్తువే అనుకుంటాం గానీ, మేలురకం సాంబ్రాణి సుమత్రా దీవిలో చెట్టుకి గాట్లు పెడితే కారే బంకట. అరబ్బు వర్తకులు దాన్ని 'లుబాన్ జావీ' అన్నారు, అంటే జావా ధూపం. యూరప్ చేరేసరికి ముందున్న 'లు' రాలిపోయి 'బెంజోయిన్' అయింది. కర్పూరానికీ సాంబ్రాణికీ పేరుపడ్డ అక్కడి బరూస్ రేవులో, మన దక్షిణాది వర్తక సంఘం 1088లో వేయించిన తమిళ శాసనం కూడా దొరికింది.

దెబ్బలకు రాసే టింక్చర్ బెంజోయిన్ దీనితో చేసేదే. అత్తరులో వాసన త్వరగా ఎగిరిపోకుండా పట్టి ఉంచేదీ ఇదే. సాస్ సీసా మీద 'సోడియం బెంజోయేట్' అని చూస్తాం కదా, ఆ పేరూ దీన్నుంచి పుట్టిందే.

మర్నాడు బాబుని పక్కగదిలో పడుకోబెట్టి తలుపు వేశాను. కిటికీలు తీసి, బాలింత జుట్టుకి మాత్రం అమ్మ చేతే ధూపం వేయించాను. జుట్టు ఆరింది, అమ్మ అలకా తీరింది.