అంపైర్ల తప్పిదాలు – శిక్షలో సమానత: 2006–2008 ఘటనల పరిశీలన

క్రికెట్‌లో అంపైరు మాటే తుది తీర్పు. ఆ తీర్పే వివాదాస్పదమైనప్పుడు అంపైరును ఏ కొలమానంతో విచారించాలన్నది ఆట చరిత్రలో తక్కువగా చర్చకు వచ్చిన అంశం. 2006 ఆగస్టు నుండి 2008 జనవరి వరకు, సుమారు 17 నెలల్లో, అంతర్జాతీయ క్రికెట్ మండలి (ఐసిసి) అంపైర్లపై తీసుకున్న మూడు చర్యలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

మొదటిది ఓవల్ టెస్టు. బంతి స్థితిని మార్చారన్న అభియోగంపై డారెల్ హెయిర్, బిల్లీ డాక్ట్రోవ్ కలిసి పాకిస్తాన్‌కు 5 పరుగుల జరిమానా విధించారు. నిరసనగా తేనీటి విరామం తరువాత పాక్ జట్టు సమయానికి మైదానంలోకి రాలేదు. విజయం ఇంగ్లండుకు దక్కింది. విచారణ జరిపిన రంజన్ మదుగలె బంతికి సంబంధించిన అభియోగాన్ని కొట్టివేసి, ఆట ప్రతిష్ఠకు భంగం కలిగించినందుకు కెప్టెన్ ఇంజమామ్‌పై 4 వన్డేల నిషేధం విధించాడు. నవంబరులో ఐసిసి హెయిర్‌ను అంతర్జాతీయ మ్యాచ్‌లకు దూరం చేసింది. డాక్ట్రోవ్ కొనసాగాడు. నిర్ణయం ఇద్దరిది, శిక్ష ఒకరిది. వైదొలగడానికి 5 లక్షల డాలర్లు కోరుతూ హెయిర్ రాసిన లేఖ బయటపడి ఆయనకు చేటు చేసిన మాట నిజమే. అయితే అది మైదానంలో జరిగిన తప్పు కాదు.

2007 ప్రపంచకప్ ఫైనల్‌లో నియమం తెలియక చీకట్లో ఆటను కొనసాగించినందుకు నలుగురు అంపైర్లను, రిఫరీ జెఫ్ క్రోను తరువాతి టీ20 ప్రపంచకప్‌కు దూరంగా ఉంచారు. బాధ్యతను అందరికీ సమానంగా పంచిన ఉదాహరణ ఈ మూడింటిలో ఇదొక్కటే.

సిడ్నీ టెస్టు (2008) మరింత చిక్కైనది. 30 పరుగుల వద్ద క్యాచ్ ఇచ్చిన సైమండ్స్‌ను స్టీవ్ బక్నర్ నాటౌట్ అన్నాడు. అతడు 162తో అజేయంగా నిలిచాడు. చివరిరోజు ద్రావిడ్‌ను ఔటిచ్చిన తీర్పూ తప్పే. అదే మ్యాచ్‌లో బ్యాటుకు తగిలిన బంతికి పాంటింగ్‌ను ఎల్బీగా ప్రకటించినవాడు మార్క్ బెన్సన్. లక్ష్మణ్ 109, టెండూల్కర్ అజేయ 154 ఈ రగడలో మరుగున పడ్డాయి. భారత బోర్డు నిరసన తరువాత పెర్త్ టెస్టు నుండి బక్నర్‌ను తప్పించి బిల్లీ బౌడెన్‌ను నియమించారు. బెన్సన్ పెర్త్‌కు ముందే కేటాయింపులో లేడు కనుక ఇద్దరినీ నేరుగా పోల్చడం సరికాదు. అయినా బక్నర్ విషయంలో నిర్ణాయకమైనది తప్పుల సంఖ్య కాదనీ, పర్యటన ఆగిపోతుందన్న భయమనీ నా అభిప్రాయం.

2008 మే నెలలో హెయిర్ మళ్ళీ టెస్టుల్లో నిలబడ్డాడు. జులైలో ఓవల్ ఫలితాన్ని ఐసిసి డ్రాగా మార్చింది. ఆగస్టులో హెయిర్ రాజీనామా చేశాడు. 2009 ఫిబ్రవరిలో ఆ ఫలితాన్ని తిరిగి ఇంగ్లండు విజయంగానే నమోదు చేశారు.