మోర్మన్ మతం: హింస, ఛాందస శాఖల చరిత్ర

అమెరికాలో 19వ శతాబ్దంలో పుట్టిన మోర్మన్ మతం హింసను రెండు విధాలా చవిచూసింది. మొదటి తరం మోర్మన్లను ఊళ్ల నుంచి తరిమేశారు, వాళ్ల ప్రవక్తను అల్లరిమూక కాల్చి చంపింది. ఆ తరం గడవకముందే అదే సమాజానికి చెందినవాళ్లు దారిన పోతున్న కుటుంబాలను ఊచకోత కోశారు. 20వ శతాబ్దానికి వచ్చేసరికి ప్రధాన సంఘం నుంచి విడిపోయిన చిన్న చిన్న శాఖల్లో దేవుడి పేరుతో హత్యలు, బాలికలపై అత్యాచారాలు జరిగాయి. సాల్ట్ లేక్ సిటీ కేంద్రంగా ఉన్న ప్రధాన సంఘం పేరు ‘కడవరి దిన పరిశుద్ధుల యేసు క్రీస్తు సంఘం’. హైదరాబాదు, రాజమండ్రి, విశాఖపట్నాల్లో కూడా సభ్యులున్నది ఈ సంఘానికే. బహుభార్యత్వం పాటించే శాఖలతో దీనికి సంబంధం లేదు. సభ్యుల్లో ఎవరైనా ఆ ఆచారం పాటిస్తే వారిని సంఘం వెలివేస్తుంది.

మత స్థాపకుడు జోసెఫ్ స్మిత్ (1805–1844) న్యూయార్క్ రాష్ట్రంలోని పాల్మైరా దగ్గర పెరిగిన రైతుబిడ్డ. బంగారు రేకుల మీది రాతను దైవబలంతో అనువదించానంటూ 1830 మార్చిలో ‘మోర్మన్ గ్రంథం’ అచ్చు వేయించాడు. ఏప్రిల్ 6న సంఘాన్ని స్థాపించాడు. దేవుడు బైబిలు కాలంతో మూగబోలేదనీ, నేటికీ మనుషులతో మాట్లాడుతున్నాడనీ చెప్పడమే ఈ మతంలోని ప్రధాన ఆకర్షణ. ఇలా అందే సందేశాన్ని ‘బయల్పాటు’ అంటారు. దీనితో చిక్కు మొదటి ఏడాదే ఎదురైంది. హైరమ్ పేజ్ అనే అనుచరుడు తన దగ్గరున్న ఒక రాయి ద్వారా తనకూ సందేశాలు వస్తున్నాయన్నాడు. సంఘం మొత్తానికి వర్తించే బయల్పాటు ఒక్క స్మిత్‌కే వస్తుందని మరో బయల్పాటు వెలువడ్డాక ఆ గొడవ సద్దుమణిగింది. అయితే ఎవరి సందేశం నిజమో తేల్చేదెవరన్న ప్రశ్న ఆ తర్వాత కూడా ఈ మతాన్ని విడిచిపెట్టలేదు. శాఖలు చీలిన ప్రతిసారీ అదే పైకి వచ్చింది.

మిస్సోరీలో స్థిరపడిన మోర్మన్లకు స్థానికులతో వైరం ముదిరింది. భూములు, ఓట్లు, బానిసత్వం మీద అభిప్రాయాలు అన్నీ తగవులకు దారితీశాయి. 1838లో ఇరుపక్షాలూ ఇళ్లు తగలబెట్టుకున్నాయి. మోర్మన్లలో ‘డానైట్లు’ అనే రహస్య దళం తయారైంది. అక్టోబరు 27న గవర్నర్ లిల్బర్న్ బాగ్స్, మోర్మన్లను నిర్మూలించాలి లేదా రాష్ట్రం నుంచి తరిమేయాలి అని ఉత్తర్వు జారీచేశాడు. ఆ తర్వాత మూడు రోజులకే హాన్స్ మిల్ అనే పల్లె మీద సాయుధులు విరుచుకుపడ్డారు. మగవాళ్లు దుంగలతో కట్టిన కమ్మరి కొట్టంలోకి పారిపోతే, దుంగల మధ్య సందుల్లోంచి తుపాకులు పెట్టి కాల్చారు. కొలిమితిత్తి కింద దాక్కున్న పదేళ్ల కుర్రాణ్ణి బయటికి లాగి తలలో కాల్చారు. మొత్తం 17 మంది మరణించారు. ఆ ఉత్తర్వును మిస్సోరీ ప్రభుత్వం 1976లో గానీ రద్దు చేయలేదు.

అక్కడి నుంచి ఇల్లినాయ్ చేరిన స్మిత్ నావూ పట్టణాన్ని కట్టించాడు. రహస్యంగా పలువురు స్త్రీలను పెళ్లాడాడు. 1843లో బహుభార్యత్వంపై బయల్పాటును రాయించాడు. ఇది నచ్చక విడిపోయినవారు ఒక పత్రిక పెట్టి గుట్టు రట్టు చేశారు. ఒక్క సంచిక వెలువడగానే, 1844 జూన్ 10న, మేయరుగా ఉన్న స్మిత్ ఆదేశంతో ఆ అచ్చుయంత్రాన్ని ధ్వంసం చేశారు. ఆ వ్యవహారంలో కార్తేజ్ జైలుకు వెళ్లిన స్మిత్‌నూ, అతని అన్న హైరమ్‌నూ జూన్ 27న మూక కాల్చి చంపింది.

బ్రిగమ్ యంగ్ నాయకత్వంలో మోర్మన్లు 1847 జులైలో సాల్ట్ లేక్ లోయ చేరారు. 1852లో బహుభార్యత్వాన్ని బహిరంగంగా ప్రకటించారు. 1856లో ఊరూరా పశ్చాత్తాప ఉద్యమం నడిచింది. కొన్ని పాపాలకు పాపి నెత్తురు చిందితే తప్ప ప్రాయశ్చిత్తం లేదన్న బోధ వేదికల మీద వినిపించింది. మరుసటి ఏడాది అమెరికా అధ్యక్షుడు బుకానన్ యూటాకు సైన్యాన్ని పంపాడు. మిస్సోరీ నెత్తురు మరచిపోని జనం అది తమను తుడిచిపెట్టడానికేనని నమ్మారు.

ఆ భయంలో ఉన్న నేల మీదికే ఆర్కాన్సా నుంచి కాలిఫోర్నియాకు పోతున్న బండ్ల బిడారు వచ్చింది. 1857 సెప్టెంబరు 7న దక్షిణ యూటాలోని మౌంటెన్ మెడోస్ పచ్చికబయలులో, కొందరు పైయూట్ ఆదివాసీలను కలుపుకొని, స్థానిక మోర్మన్లు దాడి చేశారు. ప్రయాణికులు బండ్లను గుండ్రంగా నిలిపి అయిదు రోజులు కాచుకున్నారు. నీళ్లూ తూటాలూ అడుగంటాయి. 11వ తేదీన దాడి చేసినవారిలో ఒకడైన జాన్ డి. లీ తెల్లజెండాతో వెళ్లి, ఆయుధాలు అప్పగిస్తే క్షేమంగా దాటిస్తామని మాటిచ్చాడు. చంటిపిల్లల్నీ గాయపడ్డవాళ్లనీ బండ్లలో ముందు పంపారు. వెనక ఆడవాళ్లు, పెద్ద పిల్లలు నడిచారు. ఆ వెనక మగవాళ్లు, ఒక్కొక్కరి పక్కన ఒక్కో సాయుధుడు. సంకేతం అందగానే ఆ సాయుధుడు తన పక్కనున్న మనిషినే కాల్చాడు. దాదాపు 120 మంది చనిపోయారు. నోరు విప్పి చెప్పలేని వయసని 17 మంది పసివాళ్లను వదిలేశారు.

ప్రయాణికుల జోలికి పోవద్దని బ్రిగమ్ యంగ్ రాసిన ఉత్తరం రెండు రోజులు ఆలస్యంగా చేరింది. నేరం మొత్తం ఆదివాసీల మీదికి నెట్టారు. 1859లో సైన్యాధికారి జేమ్స్ కార్ల్‌టన్ అక్కడ చెల్లాచెదురైన ఎముకలను ఏరించి పూడ్పించాడు. ప్రాణాలతో మిగిలిన పిల్లలను అదే ఏడాది ఆర్కాన్సాలోని బంధువులకు చేర్చారు. ఇరవై ఏళ్లకు, 1877లో, లీ ఒక్కణ్ణే ఆ పచ్చికబయలులోనే కాల్చి మరణశిక్ష అమలు చేశారు. మిగిలినవాళ్లలో ఒక్కరికీ శిక్ష పడలేదు. నేరం ఆదివాసీలదేనన్న అబద్ధాన్ని బద్దలుకొట్టిన ఘనత జువానిటా బ్రూక్స్‌ది. సంఘంలో సభ్యురాలై ఉండి, తోటివారి కినుకను లెక్కచేయకుండా 1950లో ఆమె ఆ మారణకాండపై పుస్తకం ప్రచురించింది. 2007లో, 150వ వర్ధంతి నాడు, సంఘం పెద్దలు విచారం ప్రకటించారు.

ఫెడరల్ చట్టాలు సంఘం ఆస్తులకే ఎసరు పెట్టాక, 1890లో సంఘాధ్యక్షుడు విల్ఫర్డ్ వుడ్రఫ్ బహుభార్యత్వాన్ని విరమించాలని ప్రకటించాడు. 1896లో యూటా రాష్ట్రమైంది. బహుభార్యత్వ విరమణను ద్రోహంగా చూసినవారే నేటి ఛాందస శాఖలకు మూలపురుషులు. ఆచారం ఆపవద్దని 1886లో సంఘాధ్యక్షుడు జాన్ టేలర్‌కు బయల్పాటు వచ్చిందని వాళ్ల వాదన. వాళ్లు అరిజోనా, యూటా సరిహద్దులోని షార్ట్ క్రీక్‌లో స్థిరపడ్డారు. 1953లో అరిజోనా గవర్నర్ హోవర్డ్ పైల్ ఆ ఊరిపై పోలీసులను దించి 263 మంది పిల్లలను తీసుకుపోయాడు. తల్లుల నుంచి బిడ్డలను విడదీశారన్న జనాగ్రహంతో ఆ ప్రయత్నం బెడిసికొట్టింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ప్రభుత్వాలు అటు తొంగిచూడలేదు. దానికి మూల్యం ఆ ఊరి ఆడపిల్లలు చెల్లించారు.

మెక్సికోలో ఇలాంటి మరో శాఖను నడిపిన లెబారన్ కుటుంబంలో ప్రవక్త పీఠం కోసం అన్నదమ్ములు తలపడ్డారు. ‘నెత్తుటి ప్రాయశ్చిత్తం’ బోధను ఎర్విల్ లెబారన్ అక్షరాలా అమలుచేశాడు. అతని అనుచరులు 1972లో అతని అన్న జోయెల్‌ను, 1977లో యూటాలో మరో శాఖ నాయకుడు, వైద్యుడు రూలన్ ఆల్రెడ్‌ను చంపారు. ఎర్విల్ 1981లో జైల్లో చనిపోయినా హత్యలు ఆగలేదు. 1988లో, జోసెఫ్ స్మిత్ వర్ధంతి నాడే, టెక్సస్‌లో నలుగురిని కాల్చి చంపారు. వారిలో ఎనిమిదేళ్ల పాప ఉంది.

ఇలాంటి హత్యలకే యూటాలో పాల్పడిన రాన్, డాన్ లాఫర్టీ సోదరులను ప్రధాన సంఘం అంతకుముందే వెలివేసింది. రాన్‌ను భార్య పిల్లలతో సహా విడిచి వెళ్లిపోయింది. ఆమెకు ధైర్యం చెప్పింది తమ్ముడి భార్య బ్రెండా అని అతను పగబట్టాడు. ఆ తర్వాత అతనికి ‘వచ్చిన’ బయల్పాటులో తొలగించాల్సినవారి పేర్లున్నాయి. 1984 జులై 24న, యూటాలో మోర్మన్లు తమ రాకను పండుగ చేసుకునే రోజున, ఆ ఇద్దరూ అమెరికన్ ఫోర్క్‌లోని ఇంట్లో 24 ఏళ్ల బ్రెండానూ, 15 నెలల ఆమె బిడ్డనూ గొంతు కోసి చంపారు. చదువుకుని, బావల వాదనలకు ఎదురుచెప్పగలిగిన అమ్మాయి ఆమె. రాన్ పగకూ, అతను విన్నానన్న దేవుడి మాటకూ ఏ తేడా లేదు. దాన్ని ప్రశ్నించగలిగిన సంఘం నుంచి ఆ అన్నదమ్ములు అప్పటికే బయటపడ్డారు. 2003లో జాన్ క్రాకౌర్ రాసిన ‘అండర్ ది బ్యానర్ ఆఫ్ హెవెన్’తో ఈ కేసు ప్రపంచానికి తెలిసింది. ఆ పుస్తకం మొత్తం మతాన్నే బోనెక్కించిందని ప్రధాన సంఘం అభ్యంతరం చెప్పింది.

షార్ట్ క్రీక్‌లో 2002లో ఛాందస శాఖ నాయకుడైన తండ్రి మరణంతో వారెన్ జెఫ్స్ పీఠమెక్కాడు. బాలికలను పెద్దవాళ్లకు కట్టబెట్టాడు, తానూ పెళ్లాడాడు. ఎదిగే కుర్రాళ్లను ఊళ్లోంచి గెంటించాడు. తనకు నచ్చని మగవాళ్ల భార్యాబిడ్డలను వేరేవాళ్లకు అప్పగించాడు. ఎఫ్‌బీఐ తీవ్ర నేరస్థుల జాబితాకెక్కి 2006లో లాస్ వేగాస్ దగ్గర దొరికాడు. 2011లో టెక్సస్ కోర్టు బాలికలపై లైంగిక దాడి నేరానికి యావజ్జీవం, దానిపై మరో 20 ఏళ్ల శిక్ష వేసింది. 2017లో షార్ట్ క్రీక్ యూటా వైపు భాగమైన హిల్డేల్‌లో ఓటర్లు ఆ శాఖను వీడి వచ్చిన డోనియా జెస్సప్‌ను మేయరుగా ఎన్నుకున్నారు. ఆ పదవిలోకి వచ్చిన తొలి మహిళ ఆమె. సరిహద్దుకు అవతల, అరిజోనా వైపు, జెఫ్స్ తర్వాతి ప్రవక్త తానేనంటూ శామ్యూల్ బేట్‌మన్ బయల్దేరాడు. ఇరవై మందికి పైగా ‘భార్యల’ను చేరదీశాడు, వారిలో చిన్నపిల్లలూ ఉన్నారు. 2024 డిసెంబరులో అతనికి 50 ఏళ్ల జైలుశిక్ష పడింది.