బండి వేగానికి పగ్గము

1871లో మద్రాసునుండి వచ్చిన రైలుమార్గము, బొంబాయినుండి వచ్చిన మార్గము రాయచూరు వద్ద కలిసినవి. ఆదోని ఆ దారిమీది స్టేషనే. నేతకు పేరుగన్న ఎమ్మిగనూరికి రైలు లేదు. అక్కడివారు బండి ఎక్కుటకు ఆదోని వంటి స్టేషనుకు రావలసినదే. ఆవిరియింజన్ల కాలములో డ్రైవరు ఆవిరిమీటను ఒక్కసారిగా లాగెడివాడు కాడు, కొద్దికొద్దిగా తెరచెడివాడు. తొందరపడినచో చక్రములు పట్టాలపై జారి ఊరకే తిరుగును; పెట్టెలను కలుపు కొక్కెములు తెగవచ్చును. బండిని పరుగెత్తించుటకంటె మెల్లగా కదల్చుటయే కష్టము.

ఇంటిలో నడుపుకొను నమూనా రైలుకు కూడ ఇదే చిక్కు. 1891లో జర్మనీకి చెందిన మార్‌క్లిన్ సంస్థ లైప్‌జిగ్ సంతలో పట్టాలమీద నడచు ఆటరైళ్ళను ప్రదర్శించెను. అవి స్ప్రింగుతో నడిచెడివి. వేగము మన చేతిలో ఉండెడిది కాదు. విద్యుత్ మోటారు వచ్చిన పిదప, దారిలో నిరోధమునుంచి వేగమును తగ్గించిరి. 1925 ఫిబ్రవరి 3న బొంబాయిలో నడచిన మొదటి విద్యుత్ రైళ్ళలోను ఈ పద్ధతియే.

దీనిలో లోపమేమి? 12 వోల్టుల మూలమునకు 10 ఓముల నిరోధమును చేర్చితిమనుకొందము. పరుగెత్తు మోటారు 0.3 ఆంపియరు తీసికొనిన, నిరోధములో 3 వోల్టులు పోయి మోటారునకు 9 మిగులును. కదలునప్పుడు దానికి 0.6 ఆంపియరు కావలెను. అప్పుడు 6 వోల్టులే మిగులును. బలము కావలసిన వేళనే బలము తగ్గును! బండి కదలలేదని మీటను త్రిప్పుదుము. కదలగానే ప్రవాహము తగ్గి, వోల్టేజి పెరిగి, బండి ఎగిరి దూకును.

ట్రాన్సిస్టరు ఈ చిక్కును విడదీసినది. అది 12 వోల్టులను సెకనుకు వందల, వేల పర్యాయములు కలుపుచు, తెంచుచు ఉండును. సగము కాలము కలిపినచో సగటు 6 వోల్టులు. ప్రతి తాకిడికీ పూర్తి వోల్టేజి ఉండుటచేత బండి నెమ్మదిగా కదలును. వేడిగా పోవు శక్తియు స్వల్పము.

ఇక రేడియో. 1898లో నికోలా టెస్లా న్యూయార్కులో ఒక చిన్న పడవను తీగలు లేకుండ నడిపి చూపెను. నేడు నమూనా ఇంజనులోనే బ్యాటరీని, రేడియో గ్రాహకమును, వేగనియంత్రకమును అమర్చవచ్చును. పట్టాలకు దుమ్ము పట్టినను చింత లేదు. నియంత్రకమును ఎంచుకొనువారు మొదట చక్రములను పట్టి ఆపి, క్షణకాలము మోటారు తీసికొను ప్రవాహమును కొలువవలెను. అది 1.5 ఆంపియర్లయినచో 2 ఆంపియర్లకు తక్కువ కానిది తీసికొనవలెను. బ్యాటరీ వోల్టేజికి తగినదా, వెనుకకు నడుపునా, పెట్టెలో ఇముడునా అనునవి పిదప చూడవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న వేరొకటి: రేడియో మూగబోయినచో బండి ఏమి చేయును? ఆఖరి ఆజ్ఞనే పట్టుకొని పరుగెత్తు సాధనము బల్ల అంచునుండి బండిని క్రింద పడవేయును. తనంతట ఆపునదే మేలు.

పెద్ద రైళ్ళలోను ఆలోచన ఇట్టిదే. 2022 మార్చి 4న తెలంగాణలో గుల్లగూడ, చిట్గిద్ద స్టేషన్ల నడుమ రేడియో సహాయముతో పనిచేయు ‘కవచ్’ను పరీక్షించిరి. ఎదుట మరియొక ఇంజను ఉండగా, 380 మీటర్ల దూరముననే బండి తనంతట ఆగెను. బల్లమీది బండికైనను, మనుష్యులను మోయు బండికైనను, ఎంత వేగముగా పోవుననుటకంటె ఎట్లు ఆగుననునదే ముందు అడుగవలసిన ప్రశ్న.