హాలీ సిక్కా, పాత బ్రౌజర్

పాతదాన్ని ఎంతకాలం మోయాలన్న ప్రశ్న హైదరాబాద్‌కు కంప్యూటర్లతో వచ్చింది కాదు. 1948లో సంస్థానం భారత్‌లో కలిసినా నిజాం నాణెం హాలీ సిక్కా వెంటనే పోలేదు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయల (అంటే భారత ప్రభుత్వ రూపాయల) లెక్కన రెండూ పక్కపక్కనే చెల్లాయి. హాలీ పూర్తిగా రద్దయింది 1959లో. ఆబిడ్స్‌లో బట్ట కొనే మనిషి జేబులో ఏ రూపాయి ఉందన్నది అతని ఇష్టాన్ని బట్టి తేలేది కాదు, అతనికి కూలో జీతమో ఏ రూపాయల్లో ముట్టిందన్నదాన్ని బట్టి తేలేది. పాత బ్రౌజర్లను ఎంతవరకు పట్టించుకోవాలో లెక్కలు వేసేటప్పుడు వెబ్‌సైట్లు కట్టేవాళ్లు మరిచిపోయేది సరిగ్గా ఈ సంగతే.

2001లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6ను కోరి తెచ్చుకున్నవాళ్లు తక్కువ. విండోస్ ఎక్స్‌పీతో పాటే అది ఇంట్లోకి వచ్చింది. నాంపల్లి విద్యాభవన్‌లో ఇంటర్ బోర్డు, ఎం.జె. రోడ్డులో పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఉన్నాయి. ఫలితాలు, దరఖాస్తులు నెట్‌లోకి ఎక్కాక వాటికోసం నెట్ సెంటర్‌లో గంటకింత అని ఇచ్చి కూర్చున్న కుర్రవాడికి ఆ యంత్రంలో ఉన్నదే బ్రౌజర్. తెలుగు చదవాలంటే చిక్కు ఇంకా పెద్దది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది, ఎక్స్‌పీతో గౌతమి ఫాంటూ వచ్చింది. కానీ ఎక్స్‌పీలో భారతీయ లిపుల సదుపాయాన్ని విడిగా ఎక్కించుకోవాలి, విండోస్ 98లో ఆ సదుపాయమే లేదు. అందుకని పత్రికలు సొంత ఫాంట్లు పట్టుకున్నాయి. లోపల ఉండేవి ఇంగ్లిషు అక్షరాల సంకేతాలు, పైన తెలుగు ముసుగు. ఎక్స్‌ప్లోరర్‌లో ఫాంటు దానంతటదే దిగేది. ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లిషు అక్షరాల పోగు కనబడేది. ఆ పోగును యూనికోడ్ తెలుగులోకి మార్చడానికే ‘పద్మ’ అనే పొడిగింపు పుట్టింది.

ఇది పత్రికల తెలివితక్కువతనం అనడం అన్యాయం. పాఠకుడి దగ్గర ఏ యంత్రం ఉందో దానికి తగ్గట్టు వడ్డించాయి, అంతే. పొరపాటు వేరేచోట జరిగింది: పాత యంత్రానికి పనికొచ్చే రూపాన్నే అసలు ప్రతిగా దాచుకున్నారు. దాంతో తెలుగు మాట కొట్టి వెతికితే ఆ పేజీలు దొరకలేదు. బ్రౌజర్ మారగానే చదవడానికీ రాలేదు. మరి యూనికోడ్‌లో రాసి, విండోస్ 98 పాఠకుడికి డబ్బాలు చూపించాలా అని అడగవచ్చు. అక్కర్లేదు. అసలు ప్రతి యూనికోడ్‌లో ఉంచి, పాత బ్రౌజర్ తలుపు తట్టినప్పుడు మాత్రం పాత ఫాంటులోకి మార్చి ఇస్తే సరిపోయేది. పద్మ చేసిన పనిని తిరగేయడమే అది. అసాధ్యమనడానికి వీల్లేదు, ఎందుకంటే చిన్న ఫోన్లలో ఒపెరా మినీ ఇంచుమించు అదే చేసింది: తెలుగు చూపలేని ఫోనుకు సర్వర్ దగ్గరే అక్షరాలను బొమ్మలుగా మలిచి పంపింది. ఖాతా కల్దార్‌లో రాసుకుని, గల్లాపెట్టె దగ్గర హాలీ పుచ్చుకున్నట్టు.

ఇంతకంటే గట్టి ఆక్షేపణ భద్రత గురించి. దీనికి తలవంచక తప్పదు. వెబ్ రాకపోకలకు తాళం వేసే పద్ధతి టీఎల్‌ఎస్; ఎక్స్‌పీలోని ఎక్స్‌ప్లోరర్‌కు దాని 1.2 కూర్పు రాదు, దానికోసం పాత తాళాన్నే ఉంచితే మిగతా అందరి ఇల్లూ తెరిచిపెట్టినట్టే. కార్డు చెల్లింపుల ప్రపంచం 2018 జూన్ 30తో టీఎల్‌ఎస్ 1.0కు తలుపు మూసింది, సరిగ్గానే మూసింది. అయితే ఈ వాదాన్ని అది చెల్లని చోటికి కూడా లాక్కొచ్చేవాళ్లున్నారు. పరీక్ష ఫీజు కట్టించుకునే పేజీ వేరు, నోటిఫికేషన్ చదివించే పేజీ వేరు. రెండోదాంట్లో ఉండేది నాలుగు పేరాలు, ఒక పట్టిక. జావాస్క్రిప్ట్ నడవకపోతే అదీ తెల్లకాగితంలా మిగిలిందంటే, ఆ తప్పు పాత బ్రౌజర్‌ది కాదు. ఖర్చు పెరుగుతుందన్న మాట కూడా ఇక్కడ నిలవదు: సాదా పేజీ కట్టడానికి ఎక్కువ కాదు, తక్కువే అవుతుంది.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న సెలవు చెప్పింది, ఎక్స్‌ప్లోరర్‌కు 2022 జూన్ 15న. ప్రశ్న మాత్రం ఫోన్లలోకి మారింది. ఆండ్రాయిడ్ 4.4 ఫోన్లకు క్రోమ్ 2020లో 81వ కూర్పు దగ్గరే ఆగిపోయింది. ఆ ఫోను ఉన్నవాడు కొత్తది కొనుక్కోవచ్చు కదా అనడం, హాలీ సిక్కా పట్టుకొచ్చినవాణ్ణి ముందు కల్దార్ సంపాదించుకుని రమ్మన్నట్టు ఉంటుంది. నాంపల్లి కార్యాలయాలకు సైట్లు కట్టేవాళ్లకు ఒకటే మనవి: ఫలితాలు విడుదలయ్యే ముందురోజు ఆ పేజీని ఒక పాత ఫోనులో తెరిచి చూడండి. హాల్ టికెట్ నంబరు కొట్టే పెట్టె, దాని కింద మార్కులు కనబడితే చాలు. రంగులు పోతే పోనివ్వండి.