సెల్ఫ్ కొట్టగానే వచ్చే వాసన వెనక నూరేండ్ల కథ

పికప్ నడిపేటోళ్లు, పికప్ ఎక్కి సైట్‌కు పోయేటోళ్లు అందరూ చదవండి. పోస్టు కొంచెం పొడుగే. శుక్రవారం తీరిగ్గా చదువుకోండి.

పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే బండిలో ఏదో వాసన వస్తది. ఒకరోజు మురిగిన కోడిగుడ్డు వాసన, ఇంకోరోజు పాకం లెక్క తీపి వాసన, మరోరోజు పచ్చి పెట్రోల్. ఫోర్‌మ్యాన్‌కు చెప్తే "చలావ్ భాయ్, కుచ్ నహీ హోతా" అంటడు. ఆ మాట ఇప్పటిది కాదు, నూరేండ్ల నుంచి ఉన్నదే. అందుకే ఒక్కో వాసన సంగతి, దాని వెనక చరిత్ర సంగతి కలిపి రాస్తున్నాం.

ముందు సెల్ఫ్ కథ. ఒకప్పుడు బండి ముందర నిలబడి హ్యాండిల్ తిప్పితేనే ఇంజన్ లేచేది. హ్యాండిల్ వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ కరెంటు స్టార్టర్ తయారుచేస్తే, 1912 మోడల్ క్యాడిలాక్ కార్లకు దాన్ని బిగించారు. దానికి కరెంటు ఇచ్చేది సీసం పలకలు, యాసిడ్ ఉండే బ్యాటరీ. ఆ రకం బ్యాటరీని ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే 1859లోనే కనిపెట్టిండు. ఇప్పటికీ మన బానెట్ కింద ఉన్నది ఆ జాతిదే. ఛార్జింగ్ ఎక్కువైతే అది ఉడికిపోయి గుడ్డు వాసన కొడుతుంది. వాసన బానెట్ దగ్గర వస్తూ, బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే ఇంజన్ ఆపండి, దూరం జరగండి. దగ్గర్లో సిగరెట్ వెలిగించొద్దు. అందులోంచి వచ్చే హైడ్రోజన్ గ్యాస్ పేలుతుంది.

అదే గుడ్డు వాసన వెనక సైలెన్సర్ నుంచి వస్తే కథ వేరే. ఇది కొంచెం ఓపిగ్గా చదవండి, మనలాంటోళ్ల ప్రాణాలు పోయిన కథ.

కెటరింగ్ కింద పనిచేసిన థామస్ మిడ్జ్‌లీ, ఇంజన్ టకటక కొట్టుకోకుండా పెట్రోల్‌లో సీసం మందు కలపొచ్చని 1921లో కనిపెట్టిండు. 1923లో అమ్మకం మొదలైంది. పేరులో సీసం అన్న మాటే లేకుండా "ఇథైల్" అని పెట్టారు. 1924 అక్టోబర్‌లో న్యూజెర్సీలోని బేవే దగ్గర, స్టాండర్డ్ ఆయిల్ ప్లాంట్‌లో ఆ మందు తయారుచేసే కార్మికులకు మతి చలించింది. లేనివి ఉన్నట్టు కనిపించాయి. అయిదుగురు చనిపోయారు, ఇంకా చాలామంది ఆసుపత్రి పాలయ్యారు. అక్కడి కూలోళ్లు దానికి ముందే "పిచ్చి గ్యాస్" అని పేరు పెట్టుకున్నారు. పైవాళ్లేమో, ఎక్కువ కష్టపడి పనిచెయ్యడం వల్ల అట్లయిందన్నట్టు చెప్పారు. మిడ్జ్‌లీ పత్రికల వాళ్ల ముందు ఆ మందుతో చేతులు కడుక్కుని, వాసన పీల్చి ఏం కాదని చూపించిండు. కానీ ఆయనే అంతకుముందు ఏడాది సీసం విషం ఎక్కి సెలవు పెట్టి ఫ్లోరిడా పోయినోడు!

కొన్నాళ్లు అమ్మకం ఆపారు, 1926లో మళ్లీ మొదలుపెట్టారు. తర్వాత యాభై ఏండ్లు లోకమంతా ఆ పొగే పీల్చింది.

దాన్ని ఆపడానికి పెద్ద కారణం సైలెన్సర్ పైపులో పెట్టే క్యాటలిటిక్ కన్వర్టర్. అమెరికాలో 1975 మోడల్ కార్ల నుంచి అది బాగా వచ్చింది. పొగలోని విషాన్ని తగ్గించే ఆ డబ్బా, సీసం తగిలితే పాడైపోతుంది. అందుకే సీసం లేని పెట్రోల్ తేవాల్సి వచ్చింది. మన ఇండియాలో 2000లో సీసం పెట్రోల్ ఆగింది. లోకంలో అందరికన్నా చివర అల్జీరియాలో, 2021లో ఆగింది. కన్వర్టర్‌కు పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ అందితే పెట్రోల్‌లోని గంధకమే గుడ్డు వాసనై బయటికొస్తది. స్టార్ట్ చేసినప్పుడు కాసేపు వచ్చిపోతే పెద్ద భయం లేదు. రోజూ వదలకుండా వస్తే ఇంజన్‌కు పెట్రోల్ ఎక్కువ పోతోందనో, కన్వర్టర్ చెడిందనో లెక్క. గ్యారేజ్‌కు పంపమనాలి.

తీపి వాసన అంటే కూలెంట్ లీకు. అందులో ఉండేది గ్లైకాల్. చలిదేశాల్లో నీళ్లు గడ్డకట్టకుండా వేస్తారు. ఇక్కడ ఎండలో అది తొందరగా మరగదు, తుప్పు పట్టనియ్యదు, అందుకే మనకూ అవసరం. రుచి తీపి, లోపలికి పోతే విషం. పైపు నోట్లో పెట్టి లాగే అలవాటు ఉన్నోళ్లు మానెయ్యండి. వేడి మీద రేడియేటర్ మూత తియ్యొద్దు. ఇక పచ్చి పెట్రోల్ వాసన వస్తే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. దిగి కింద చూడండి.

అన్నిటికన్నా ముఖ్యమైంది చివరికి పెట్టాం. ప్రాణం తీసే గ్యాస్‌కు వాసనే ఉండదు. అది కార్బన్ మోనాక్సైడ్. బొగ్గు గనుల్లో దీన్ని కనిపెట్టడానికి చిన్న పిట్టల్ని తీసుకుపోవాలని బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ హాల్డేన్ 1890లలో చెప్పిండు. పిట్ట సొమ్మసిల్లితే మనుషులు బయటికి పరుగెత్తేవాళ్లు. 1986 దాకా బ్రిటన్ గనుల్లో ఆ పిట్టలే కాపలా. మన పికప్‌లో పిట్ట లేదు. ఎండాకాలం మధ్యాహ్నం పని బంద్ ఉన్నప్పుడు అద్దాలు మూసి, ఏసీ వేసి బండిలో పండుకునేటోళ్లు మనలో చాలామంది. సైలెన్సర్ చిల్లి పడినా, పైపుకు ఇసుక అడ్డం పడినా, మూసిన షెడ్‌లో బండి ఆన్‌లో ఉన్నా నిద్రలోనే ప్రాణం పోతుంది. లోపల పొగ వాసన కొద్దిగా తగిలినా, తల నొచ్చినా, కడుపులో తిప్పినా వెంటనే దిగండి. పక్కోణ్ణి కూడా దింపండి. అసలు ఆన్‌లో ఉన్న బండిలో పండుకోకపోవడమే మేలు.

చివరగా ఒక్క మాట. బేవేలో జరిగినదాన్ని పైవాళ్లు ఎక్కువ కష్టపడటం వల్లనే అన్నట్టు కొట్టిపారేశారు. మన మాటను అట్ల కానియ్యొద్దు. ఫోర్‌మ్యాన్‌కు నోటితో చెప్పి ఊరుకోకండి. బండి నంబరు, తేదీ, ఏ వాసన, ఎక్కడినుంచి వస్తుందో వాట్సాప్‌లో రాసి పంపండి, ఫొటో పెట్టండి. రేపు ఏదన్నా అయితే "మాకెవరూ చెప్పలేదు" అనే మాట వాళ్ల నోటికి రాదు. మీ క్యాంపు గ్రూపులో ఈ పోస్టు వెయ్యండి. చదవడం రానోళ్లకు చదివి వినిపించండి.