జీవుడి వికాసం: అనంతగిరి, తాండూరు సంప్రదాయాలు

సుఖదుఃఖాలను అనుభవిస్తూ, వాటి నుంచి నేర్చుకుంటూ, జీవుడు అజ్ఞానం నుంచి జ్ఞానానికీ చివరకు మోక్షానికీ చేరే క్రమాన్ని జీవుడి వికాసం అంటారు. హిందూ దర్శనాలన్నీ ఏదో ఒక రూపంలో దీన్ని చర్చించాయి. తెలంగాణలోని వికారాబాద్ జిల్లాలో ఈ వికాసం ఎలా జరుగుతుందన్న ప్రశ్నకు రెండు వేర్వేరు సమాధానాలు పక్కపక్కనే బతుకుతున్నాయి. వికారాబాద్ పట్టణాన్ని ఆనుకుని ఉన్న అనంతగిరి కొండల మీద ముచికుందుడి కథ చెబుతారు. అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న తాండూరు ప్రాంతంలో వీరశైవుల షట్‌స్థల మార్గం ఉంది. మొదటిది జన్మలు దాటి సాగే ప్రయాణం గురించి మాట్లాడుతుంది. రెండోది, ఈ బతుకులోనే, ఈ పనిలోనే గమ్యం చేరవచ్చంటుంది.

ముచికుందుడి కథ

అనంతగిరి మీద అనంత పద్మనాభస్వామి ఆలయం ఉంది. ఏటా కార్తీక పౌర్ణమికి ఇక్కడ పెద్ద జాతర జరుగుతుంది. మూసీ నది ఈ కొండల్లోనే పుట్టి, హైదరాబాద్ మీదుగా సుమారు 240 కిలోమీటర్లు ప్రవహించి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మూసీకి ముచికుంద నది అని పురాణ నామం. ముచికుందుడనే రాజర్షి నిద్రించిన గుహ ఈ కొండల్లోనిదేనని, ఆయన పేరే నదికి నిలిచిందని స్థలపురాణం. రాజస్థాన్‌లోని ధోల్‌పుర్ దగ్గర మచ్‌కుండ్ అనే తీర్థానికీ ఇలాంటి కథే ఉంది.

కథకు ఆధారం భాగవతం దశమ స్కంధం. పోతన తెలుగు భాగవతం ద్వారా అది ఇంటింటికీ తెలిసింది. ముచికుందుడు ఇక్ష్వాకు వంశీయుడు, మాంధాత కుమారుడు. దేవతలకు రక్షకుడిగా ఉండి ఏళ్ల తరబడి రాక్షసులతో పోరాడాడు. కుమారస్వామి దేవసేనాపతి అయ్యాక ఆయన పని తీరింది. అప్పటికి ఆయన భార్యలు, కొడుకులు, మంత్రులు, ప్రజలు అందరూ కాలంలో కలిసిపోయారు. మోక్షం తప్ప ఏ వరమైనా కోరుకోమన్నారు దేవతలు. ఆయన నిద్ర కోరుకున్నాడు.

ఈ కోరికను సోమరితనంగా తీసుకుంటే కథ చేజారిపోతుంది. గెలుపు చూశాడు, కీర్తి చూశాడు, తనవాళ్లను పోగొట్టుకున్నాడు. అంత అనుభవించినా దాని అర్థమేమిటో ఇంకా తెలియలేదు. అనుభవం ఉండి వివేకం కలగని జీవుడి స్థితికి ఆ నిద్ర సరైన రూపం. బాగా బతికినవాళ్లూ బాగా బాధపడినవాళ్లూ కూడా చాలామంది ఆ గుహలోనే ఉండిపోతారని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

తర్వాత కాలయవనుడనే శత్రువు కృష్ణుణ్ని తరుముతూ గుహలోకి వస్తాడు. పడుకున్నవాడే కృష్ణుడనుకుని కాలితో తన్నుతాడు. నిద్రలేచిన ముచికుందుడి చూపు పడగానే బూడిదవుతాడు. అప్పుడు కృష్ణుడు దర్శనమిచ్చి వరం కోరుకోమంటాడు. ఈసారి ముచికుందుడు ఏమీ అడగడు. రాజునన్న గర్వంతో దేహాన్నే తాననుకుని కాలం గడిపానని, ఇక పాదసేవ తప్ప మరేదీ వద్దని చెబుతాడు. రెండు వరాల మధ్య ఉన్న ఈ తేడాయే ఆయన ఎదుగుదల.

కథలో లోతైన మలుపు ఆ తర్వాత వస్తుంది. ఎదుట భగవంతుడే ఉన్నా మోక్షం వెంటనే దొరకదు. క్షత్రియుడిగా వేటలోనూ ఇతరత్రా ప్రాణులను చంపావు, ఆ దోషం తపస్సుతో పోగొట్టుకోవాలి, వచ్చే జన్మలో సర్వప్రాణులకూ మిత్రుడైన బ్రాహ్మణుడిగా పుట్టి నన్ను చేరతావు అంటాడు కృష్ణుడు. ముచికుందుడు గుహ బయటికి వచ్చి, మనుషులూ చెట్లూ చిన్నవైపోయి ఉండటం చూసి, కలియుగం దగ్గరపడిందని గ్రహించి, ఉత్తరాన బదరికాశ్రమానికి తపస్సుకు వెళ్తాడు. చంపినవాడు అన్ని ప్రాణులకూ స్నేహితుడు కావాలన్నది ఇందులోని విధి. దీన్ని శిక్ష అనడం కన్నా, ఆ జీవుడిలో ఇంకా పక్వం కాకుండా మిగిలినదాన్ని పూర్తిచేసే మార్గం అనడం సరైనది.

దర్శనాల్లో

జీవుడి ప్రయాణానికి తొలి స్పష్టమైన రూపం బృహదారణ్యకోపనిషత్తులో ఉంది: మనిషి ఎలా నడుచుకుంటే అలాంటివాడే అవుతాడు. పోగుపడిన కర్మ సంచితం, అందులో ఈ జన్మలో ఫలించేది ప్రారబ్ధం, ఇప్పుడు చేస్తున్న పనుల వల్ల ముందుకు చేరేది ఆగామి. చేసిన పని ఫలాన్నిచ్చి ఊరుకోదు, మనసులో సంస్కారాన్ని కూడా వదులుతుంది. ఊళ్లలో ‘పూర్వజన్మ సుకృతం’, ‘వాడి ప్రారబ్ధం’ అని మాట్లాడుకునేది ఈ విషయాన్నే.

యోగసూత్రాల్లో పతంజలి ఇంకో అడుగు వేశాడు. కనిపించే ప్రపంచానికి భోగం, అపవర్గం అని రెండు ప్రయోజనాలు చెప్పాడు. అంటే అనుభవానికీ, ఆ అనుభవం నుంచి విడుదలకూ ఉపయోగపడేది ఈ ఒక్క లోకమే. భగవద్గీత ఆరో అధ్యాయంలో అర్జునుడు అందరి తరఫునా ఒక భయం బయటపెడతాడు: సాధన మధ్యలో ఆగిపోయినవాడు రెండింటికీ చెడతాడా? చెడడని కృష్ణుడి జవాబు. అలాంటివాడు మంచి ఇంట్లోనో యోగుల కుటుంబంలోనో పుట్టి, ఆగిన చోటు నుంచే అందుకుంటాడు. ఇంత ఊరటనిచ్చే మాట ఈ చర్చలో మరొకటి లేదు.

అసలు ఎదిగేది ఏది అన్నచోట ఆచార్యులు విడిపోయారు. శంకరుల అద్వైతంలో ఆత్మకు పెరుగుదల, తరుగుదల లేవు. నిష్కామకర్మ వల్ల శుద్ధి అయ్యేది చిత్తం. రామానుజుల విశిష్టాద్వైతంలో జీవుడి స్వరూపం మారదు కానీ అతని గుణంగా ఉండే ధర్మభూత జ్ఞానం కర్మ వల్ల ముడుచుకుంటుంది, మోక్షంలో పూర్తిగా విచ్చుకుంటుంది. మధ్వాచార్యుల ద్వైతంలో ప్రతి జీవుడికీ తనదైన సహజ యోగ్యత ఉంటుంది, సాధన దాన్ని వెలికి తెస్తుంది. అనుభవమే గురువని చెప్పే సాధారణ నమ్మకానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది రామానుజుల మాట.

తాండూరు వైపు

తాండూరు నాపరాళ్లకూ కందిపప్పుకూ పేరున్న పట్టణం. అనంతగిరి పడమటి వైపు నీళ్లు కాగ్నా నదిగా ఈ ప్రాంతం మీదుగా సాగి భీమాలో కలుస్తాయి. ఊళ్లోని భావిగి భద్రేశ్వరస్వామి ఆలయంలో ఏటా జాతర, రథోత్సవం జరుగుతాయి. కర్ణాటక నుంచీ భక్తులు వస్తారు. వీరశైవాన్ని పాటించే లింగాయత్, జంగమ కుటుంబాలున్న ఈ సరిహద్దు నేలకు వాయవ్యాన, బీదర్ జిల్లాలో బసవకల్యాణం ఉంది. 12వ శతాబ్దంలో బసవన్న, అల్లమ ప్రభువు, అక్క మహాదేవి మొదలైన శరణుల (శివభక్తుల) ఉద్యమానికి అదే కేంద్రం. తెలుగులో ఆ చరిత్రను పాల్కురికి సోమనాథుడు బసవపురాణంగా ద్విపదలో రాశాడు.

వీరశైవంలో ఎదుగుదలకు ఆరు మెట్లున్నాయి: భక్త, మహేశ, ప్రసాది, ప్రాణలింగి, శరణ, ఐక్య స్థలాలు. ఈ షట్‌స్థల సిద్ధాంతానికి క్రమబద్ధమైన రూపమిచ్చింది చెన్నబసవన్న అని సంప్రదాయం చెబుతుంది. విశ్వాసంతో మొదలై, నిష్ఠతో గట్టిపడి, శివుడితో ఒకటవడంతో ముగిసే దారి ఇది. జీవితానుభవానికి సంబంధించినంతవరకు మూడోదైన ప్రసాది స్థలం కీలకం. తనకు వచ్చినదల్లా, అది సుఖమైనా కష్టమైనా, ప్రసాదంగా తీసుకోగలిగినవాడు ఈ మెట్టు మీద ఉంటాడు. ప్రారబ్ధమని తలవంచడం వేరు, ప్రసాదమని చేయి చాచడం వేరు.

దీనికి తోడు కాయకం, దాసోహం ఉన్నాయి. ఒళ్లు వంచి చేసే నిజాయితీ పని కాయకం, దాని ఫలాన్ని నలుగురితో పంచుకోవడం దాసోహం. చాకలి వృత్తి చేసిన మడివాళ మాచయ్య, పడవ నడిపిన అంబిగర చౌడయ్య, తాళ్లు పేనిన నులియ చందయ్య శరణులయ్యారు. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యం ఏరుకుని దాసోహం చేసేవాడు. ఒకరోజు అవసరానికి మించి తెస్తే, భార్య లక్కమ్మ మిగిలినవి తిరిగి ఇచ్చి రమ్మని పంపింది. ఆ ఇంట్లో గురువు ఆమే. ఈ దృష్టితో చూస్తే నాపరాళ్ల గనిలో రాయి కోసే కూలీ శ్రమ కూడా సాధనే. అయితే పనిని పూజగా చెప్పినవాళ్లు పనివాడి గౌరవాన్నీ అంతే గట్టిగా అడిగారని మరవకూడదు.

కర్మసిద్ధాంతం మీద ఎప్పటినుంచో ఉన్న అభ్యంతరం ఇక్కడే ఎదురవుతుంది. ఒకరి పేదరికాన్ని, పుట్టుకను పూర్వజన్మ పాపానికి అంటగట్టి చేతులు దులుపుకోవడానికి దాన్ని వాడుకున్నవాళ్లున్నారు. ముచికుందుడి కథలోనూ మరుజన్మ బ్రాహ్మణ జన్మగానే ఉంది. బసవన్న మార్గం ఆ నిచ్చెనను ఒప్పుకోలేదు. లింగధారణ జరిగాక కులం లెక్కలోకి రాదని, గురువు, లింగం, జంగముల అండ ఉన్న శరణుడికి మళ్లీ పుట్టుక లేదని అది ప్రకటించింది. అంత్యక్రియల్లోనూ ఈ తేడా కనబడుతుంది. లింగాయతుల్లో దహనం చేయరు, దేహాన్ని కూర్చున్న భంగిమలో సమాధి చేస్తారు. చనిపోయినవారిని లింగైక్యులని అంటారు.