యుద్ధం పేరిట నోటికి తాళం: కృష్ణా డెల్టా అనుభవం

1940 చివరి నెలల్లో కృష్ణా, గుంటూరు జిల్లాల కాంగ్రెస్ కార్యకర్తలు అధికారులకు ఒక విచిత్రమైన ఉత్తరం రాసేవారు. ఫలానా తేదీన, ఫలానా ఊళ్లో, ఫలానా వేళకు యుద్ధానికి వ్యతిరేకంగా మాట్లాడబోతున్నామని ముందే తెలియజేసేవారు. చెప్పిన వేళకు పోలీసులు వచ్చేవారు. నాలుగు మాటలు అనగానే, ఒక్కోసారి అవీ అనకముందే, పట్టుకుపోయేవారు. బ్రిటిష్ వారి యుద్ధానికి మనుషుల్నిగానీ డబ్బునుగానీ ఇవ్వడం తప్పని చెప్పడమే నేరం. గుంపు లేదు, ఊరేగింపు లేదు. వ్యక్తి సత్యాగ్రహమంటే అదే. 1941 మధ్యనాటికి దేశం మొత్తం మీద సుమారు 25 వేల మంది ఇలా జైలుకెళ్లారు.

ఈ సత్యాగ్రహంలో గాంధీజీ అడిగింది స్వరాజ్యం కాదు, యుద్ధం వద్దని చెప్పుకునే హక్కు. 1940 సెప్టెంబరులో ఆ సంగతే వైస్రాయ్ లిన్‌లిత్‌గో ముందు పెట్టారు. మనస్సాక్షి ఒప్పుకోక యుద్ధానికి వెళ్లనన్న వారికి బ్రిటన్‌లో మినహాయింపు ఉందని, వారు తమ నమ్మకాన్ని చెప్పుకోవచ్చని, కానీ ఇతరులను యుద్ధప్రయత్నం నుంచి మళ్లించడానికి మాత్రం వీల్లేదని వైస్రాయ్ బదులిచ్చారు. నువ్వు నమ్ముకో, పక్కవాణ్ని నమ్మించకు అన్నమాట. యుద్ధకాలపు చట్టాలన్నీ ఈ గీత మీదే నడిచాయి.

డెల్టాకు ఈ రుచి కొత్త కాదు. బెజవాడ నుంచి ‘స్వరాజ్య’ పత్రిక నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లోనే, తిరునల్వేలి కాల్పులను ఖండిస్తూ రాసినందుకు రాజద్రోహ నేరం కింద జైలు పాలయ్యారు. అయితే అది మామూలు రోజుల చట్టం, అందులో విచారణ ఉంది, శిక్షకు లెక్క ఉంది. మొదటి ప్రపంచయుద్ధం తెచ్చిన 1915 నాటి భారత రక్షణ చట్టం తీరు వేరు. దాని కింద విచారణ లేకుండానే మనిషిని కదలకుండా చేయొచ్చు. 1917లో మద్రాసు ప్రభుత్వం హోంరూల్ నాయకురాలు అనీబిసెంట్‌ను ఉదకమండలంలో నిర్బంధించింది ఆ అధికారంతోనే. యుద్ధం ముగిశాక ఆ చట్టం పోయింది కానీ, దాని నమూనా దాచిపెట్టినట్టే ఉండిపోయింది. 1939లో అదే పేరుతో మళ్లీ పైకి తీశారు.

రెండో ప్రపంచయుద్ధంలో ఈ చట్టం ఎవరి మీద పడిందో వరసగా చూస్తే దాని స్వభావం తెలుస్తుంది. మొదట్లో కమ్యూనిస్టులు దీన్ని సామ్రాజ్యవాద యుద్ధమన్నారు. అజ్ఞాతంలోకి వెళ్లి ‘స్వతంత్ర భారత్’ పత్రికను రహస్యంగా అచ్చువేసి పంచారు. 1941 జూన్‌లో హిట్లర్ సోవియట్ యూనియన్ మీద దండెత్తాక అదే యుద్ధం వారికి ప్రజాయుద్ధమైంది. 1942 జులైలో ప్రభుత్వం పార్టీ మీద నిషేధం తీసేసింది. ఆ ఏడాదే విజయవాడ నుంచి ‘ప్రజాశక్తి’ బాహాటంగా వెలువడింది.

సరిగ్గా అప్పుడే కాంగ్రెస్ నోరు మూతపడింది. జపాన్ విమానాలు ఏప్రిల్‌లోనే విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసి ఉన్నాయి, ప్రభుత్వం బెదురు మీద ఉంది. ఆగస్టు 9న నాయకులందరినీ పట్టుకున్నారు. మచిలీపట్నం డాక్టర్ భోగరాజు పట్టాభిసీతారామయ్యను కాంగ్రెస్ కార్యవర్గంతోపాటు అహ్మద్‌నగర్ కోటకు తరలించారు. మూడో రోజుకి, ఆగస్టు 12న, తెనాలి రగిలింది. హర్తాళ్‌తో మొదలైన నిరసన రైల్వేస్టేషన్ దహనం దాకా వెళ్లింది. పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. తెనాలి రణరంగ చౌక్‌లోని ఏడు స్మారకాలు వారివే. తర్వాత కల్లోలం జరిగిన ఊళ్ల మీద సామూహిక జరిమానాలు వేయడానికి ఆర్డినెన్సు కూడా వచ్చింది. అరిచినవాడూ, అరవనివాడూ కలిసి కట్టాల్సిందే.

ఇక 1944 మార్చి చూడండి. కాంగ్రెస్ పెద్దలు ఇంకా జైళ్లలోనే ఉన్నారు. బెజవాడలో మాత్రం యుద్ధాన్ని బలపరుస్తున్న అఖిల భారత కిసాన్ సభ మహాసభ స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షతన జరిగింది. రైతులు సభ పెట్టుకోవడం తప్పు కాదు, అది వారి హక్కే. కానీ యుద్ధాన్ని బలపరిచేవారికి సభ దొరికి, కాదన్నవారికి జైలు దొరికితే, అనుమతి అనేది హక్కు కాకుండా బహుమానమైపోతుంది.

స్వాతంత్ర్యం వచ్చింది, రాజ్యాంగంలో వాక్ స్వాతంత్ర్యాన్నిచ్చే 19వ అధికరణం వచ్చింది. 1962 అక్టోబరు 20న చైనా దాడి మొదలైంది. 26న అత్యవసర పరిస్థితి ప్రకటించడంతో ఆ అధికరణం రక్షణ ఆగిపోయింది. భారత రక్షణ చట్టం అదే పేరుతో మూడోసారి వచ్చింది. 1940లో ఆ చట్టం కింద జైలుకెళ్లిన కాంగ్రెస్ వారే ఇప్పుడు దాన్ని ప్రయోగించే పాలకులు. నవంబరులో చైనా అనుకూలురన్న ముద్రతో కమ్యూనిస్టులను దేశమంతటా అరెస్టు చేశారు. పార్టీ జాతీయ సమితి మెజారిటీ నెహ్రూ ప్రభుత్వాన్ని సమర్థిస్తూ తీర్మానం చేసినా, దాన్ని ఒప్పుకోని రెండోవైపు వారిని అది కాపాడలేదు. 1964 జులైలో ఆ రెండోవైపు వారు సమావేశమైంది కూడా తెనాలిలోనే. అక్కణ్నుంచే సీపీఎం పుట్టుకకు దారి పడింది. డిసెంబరు చివర్లో పుచ్చలపల్లి సుందరయ్యతో సహా నాయకులను మళ్లీ నిర్బంధించారు.

ఇక్కడ తేదీలు పక్కపక్కన పెట్టి చూడాలి. చైనాతో పోరు 1962 నవంబరు 21న ఆగింది, అంటే నెలరోజుల యుద్ధం. అత్యవసర పరిస్థితి ఎత్తివేసింది 1968 జనవరిలో. 1971 డిసెంబరు 3న పాకిస్థాన్‌తో మొదలైన యుద్ధం 16న ముగిసింది. ఆనాటి అత్యవసర పరిస్థితి 1977 మార్చి దాకా సాగింది. 1975 జూన్‌లో ఇందిరాగాంధీ ప్రకటించిన ఎమర్జెన్సీ దాని మీద రెండో పొర. తుపాకులు ఆగినా తాళం తియ్యలేదు. ఆ అనుభవంతోనే 1978లో 44వ సవరణ చేశారు. యుద్ధం లేదా బయటి దురాక్రమణ కారణంగా ప్రకటించిన అత్యవసర పరిస్థితిలో తప్ప 19వ అధికరణం దానంతటది ఆగిపోకూడదని, ఎప్పుడైనా సరే జీవించే హక్కునిచ్చే 21వ అధికరణం జోలికి పోరాదని అందులో రాసుకున్నారు.

ఆ తర్వాత కార్గిల్ యుద్ధం వచ్చింది, 2025 మేలో ఆపరేషన్ సిందూర్ వచ్చింది. రెండుసార్లూ అత్యవసర పరిస్థితి ప్రకటించలేదు. కానీ 2025 మే 8న, ఎనిమిది వేలకు పైగా ఖాతాలను భారత్‌లో కనిపించకుండా చేయాలని ఉత్తర్వులు అందాయని, చాలావాటిలో ఏ పోస్టు తప్పో చెప్పలేదని ఎక్స్ సంస్థ వెల్లడించింది. ఐటీ చట్టం 69ఏ కింద ఇచ్చే ఇలాంటి ఉత్తర్వులను రహస్యంగా ఉంచాలని 2009 నాటి నిబంధనలే చెబుతున్నాయి. వీధి సంగతికొస్తే 1861 నాటి పోలీసు చట్టం సెక్షన్ 30 ఉండనే ఉంది. విజయవాడలో అలంకార్ సెంటర్ ధర్నాచౌక్ దాటి నలుగురు నడవాలంటే దాని పేరే వినిపిస్తుంది.

సైన్యం కదలికలు బయటపెట్టకూడదంటే ఎవరూ కాదనరు. ప్రకటించిన అత్యవసర పరిస్థితి ఎంత కఠినమైనదైనా పార్లమెంటు ముందుకు రావాలి, ఏదో ఒకరోజు రద్దు కావాలి. ప్రకటన లేని ఆంక్షకు ఆ రెండూ లేవు. కాబట్టి ఆపిన మాట ఏదో, కారణమేమిటో, గడువెంతో ఉత్తర్వులో రాసి, నష్టపోయినవాడి చేతికి ఇవ్వమని అడగడమే ఇప్పటి పని. ఆ అడగడం కూడా మనకు నచ్చని మాట అన్నవాడి తరఫునే మొదలుపెట్టాలి. 1942లో కాంగ్రెస్ నోరు మూతపడినప్పుడు కమ్యూనిస్టుల నోరు తెరుచుకుంది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి అదే చట్టం వారి గుమ్మంలోకి వచ్చింది.